మిల్లు గోడ మీది కాగితం ఎవరికి అర్థం కావాలి?

రాజపాళయం చుట్టుపక్కల ఏ స్పిన్నింగ్ మిల్లుకు వెళ్ళినా, చత్రపట్టి వైపు బ్యాండేజీ గుడ్డ నేసే ఏ యూనిట్‌లోకి తొంగిచూసినా, యంత్రం పక్కన గోడకు ఒక కాగితం కనిపిస్తుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగు మూలలా టేపు అంటించి ఉంటుంది. మిల్లువాళ్ళు దాన్ని 'వర్క్ ఇన్‌స్ట్రక్షన్' అనో 'ఎస్‌ఓపీ' అనో అంటారు. ఈ పని ఎలా చేయాలి, ఏది ముందు, ఏది వెనక, ఏది చేయకూడదు అన్నవి అందులో ఉంటాయి. తనిఖీకి వచ్చే అధికారి దాన్ని చూస్తాడు. సరుకు కొనే కంపెనీ తరఫున ఆడిట్‌కు వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుంటారు. ఆ యంత్రం మీద పనిచేసే మనిషి మాత్రం చాలాచోట్ల దాన్ని చదవడు.

చదవకపోవడం అతని బద్ధకమని సులువుగా అనేస్తాం. కాగితం రాసిన తీరును కూడా ఒకసారి చూడాలి. ఒకే విషయాన్ని ఒక విధంగా రాస్తే చేతికి దెబ్బ తగలదు, మరో విధంగా రాస్తే తగులుతుంది. ఒక విధంగా చూపిస్తే నూలు కలగాపులగం కాదు, మరో విధంగా చూపిస్తే లోడు మొత్తం తిరిగి వస్తుంది. పని సూచన ఏ రూపంలో ఉందన్నది భద్రతకూ నాణ్యతకూ సంబంధించిన విషయం. మన ఊరి తెలుగు కుటుంబాల్లో మిల్లు నడిపేవాళ్ళూ ఉన్నారు, మిల్లులో పనిచేసేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఇది రెండు వైపులా మన ఇంటి సంగతే.

ఒక పని, నాలుగు భాషలు

1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించినప్పటి నుంచి ఈ ఊరి బతుకు నూలుతో ముడిపడింది. ఆ రోజుల్లో పని నేర్పడం నోటితోనే జరిగేది. మేస్త్రీ పక్కన నిలబెట్టుకుని చూపించేవాడు, కొత్తవాడు చూసి చేసేవాడు. రాజులు, నాయుళ్ళు, రెడ్లు, అరుంధతీయులు ఇలా ఎన్నో కులాలవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడే ప్రాంతం ఇది. మేస్త్రీకీ పనివాడికీ మధ్య తెలుగో తమిళమో ఏదో ఒకటి కుదిరేది.

ఇప్పుడు పరిస్థితి వేరు. మిల్లు పత్రాలు ఇంగ్లీషులో తయారవుతున్నాయి. యంత్రం తయారుచేసిన కంపెనీ ఇచ్చే మాన్యువల్ ఇంగ్లీషు, ఆడిట్ అడిగే ఫారాలు ఇంగ్లీషు. గోడ మీదికి వచ్చేసరికి అది తమిళం అవుతుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదువు తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. 2006 నాటి తమిళ బోధన చట్టం తర్వాత బడిలో తెలుగు చదివే అవకాశం మరీ తగ్గింది. అంటే తెలుగు నోట ఉంది, కంటికి లేదు. దీనికి తోడు ఒడిశా, బీహార్, ఝార్ఖండ్, అస్సాంల నుంచి వచ్చిన పిల్లలు తమిళనాడు మిల్లుల్లో పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. వాళ్ళకు తమిళ అక్షరాలూ రావు, మన మాటా రాదు.

ఒక సూచన ఇంగ్లీషులో పుట్టి, తమిళంలోకి మారి, తెలుగు మేస్త్రీ నోట పలికి, చివరికి ఒడియా కుర్రాడి చేతికి చేరుతోంది. ప్రతి మలుపులో కొంత జారిపోతుంది. ఏది జారిపోకూడదో ముందే తేల్చుకుని రాయడమే మంచి పని సూచన లక్షణం.

ఒకే సూచన, రెండు రకాలు

స్పిన్నింగ్ మిల్లులో కార్డింగ్ యంత్రం అందరికీ తెలిసిందే. సన్నని తీగ పళ్ళు చుట్టిన పెద్ద సిలిండర్ తిరుగుతూ పత్తిని దువ్వుతుంది. అందులో అసలు ప్రమాదం ఎక్కడుందంటే, స్విచ్ ఆపినంత మాత్రాన సిలిండర్ ఆగదు. బరువుకు అది చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. మోటారు చప్పుడు పోయింది కదా అని మూత తీసి చేయి పెడితే వేళ్ళు పోతాయి.

దీనికి సంబంధించిన సూచన చాలాచోట్ల ఇలా ఉంటుంది:

"యంత్రాన్ని శుభ్రపరచు సమయమునందు తగిన భద్రతా చర్యలు తీసుకొనబడవలెను. యంత్రము పూర్తిగా నిలిచిన పిమ్మట మాత్రమే మూతలు తెరువబడవలెను. శిక్షణ పొందిన సిబ్బంది మాత్రమే ఈ పనిని నిర్వహించవలెను."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా దీన్ని చదివి ఎవరూ పని చేయలేరు. తగిన చర్యలంటే ఏవి? నిలిచిందని ఎలా తెలుస్తుంది? ఎవరు తెరవాలి? 'తీసుకొనబడవలెను' అన్న క్రియకు కర్త లేడు. ఎవరు చేయాలో చెప్పని వాక్యం ఎవరి పనీ కాకుండా పోతుంది.

అదే సూచన ఇలా రాసి చూడండి:

1. స్టాప్ బటన్ నొక్కు.
2. మెయిన్ స్విచ్ ఆపి తాళం వెయ్యి. తాళంచెవి నీ జేబులోనే ఉంచుకో. (ఎందుకు: నువ్వు లోపల చేయి పెట్టినప్పుడు ఇంకొకరు యంత్రం వేయకుండా.)
3. సిలిండర్ వైపు చూడు. తిరుగుతోందా? అయితే మూత ముట్టుకోకు, ఆగేదాకా నిలబడు. (ఎందుకు: స్విచ్ ఆపాక కూడా అది తిరుగుతుంది.)
4. పూర్తిగా ఆగాక మూత తీసి, బ్రష్‌తో పత్తి తియ్యి. వేళ్ళు పెట్టకు.
5. మూత బిగించు. చుట్టూ ఎవరూ లేరని చూసుకో. తాళం వేసిన నువ్వే తాళం తియ్యి.

తేడా ఏమిటి? ఒక్కో వరుసలో ఒక్కో పని ఉంది. 'నువ్వు' అని పిలిచి చెప్పింది. హెచ్చరిక మూత తీయమనే మాటకంటే ముందు వచ్చింది. మూత తీశాక చదివే హెచ్చరిక ఎవరికి పనికొస్తుంది? అన్నిటికంటే ముఖ్యంగా, కారణం కూడా ఉంది. కారణం తెలిసినవాడు తొందరలో కూడా ఆ మెట్టు దాటవేయడానికి వెనకాడతాడు.

ఈ పద్ధతి కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి లక్షల మంది కొత్త పనివాళ్ళు ఒక్కసారిగా వచ్చారు. వాళ్ళకు త్వరగా పని నేర్పడానికి 1940లో 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే కార్యక్రమం మొదలైంది. ప్రతి పనినీ ముఖ్యమైన మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టు పక్కన అందులోని కిటుకు రాయించేవాళ్ళు. తర్వాతి కాలంలో 'ఎందుకు' అన్న మూడో వరుస కూడా చేరింది. యుద్ధం అయ్యాక అది జపాన్‌కు వెళ్ళింది, టయోటా కంపెనీ పని నేర్పే తీరుకు పునాది అయింది. మన దక్షిణాది మిల్లుల కోసం 1956లో కోయంబత్తూరులో ఏర్పడిన సిట్రా సంస్థ కూడా పనివాళ్ళకు పని పద్ధతులు నేర్పించే శిక్షణ ఇస్తూ వచ్చింది.

'మూడు' అంటే మూడా, మూయమనా?

మన ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు తెలుగూ తమిళమూ రెండూ వచ్చు కాబట్టి ఈ చిక్కు మనకు తోచదు. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన ఒక ఫిట్టర్‌ను ఊహించుకోండి. తమిళ సూపర్‌వైజర్ "వాల్వు మూడు!" అని అరుస్తాడు. తమిళంలో దానికి అర్థం వాల్వు మూసెయ్యమని. తెలుగు చెవికి అది మూడో నంబరు వాల్వు. అలాగే తమిళంలో 'తీ' అంటే నిప్పు. తెలుగులో 'తీ' అంటే తియ్యమని. పక్కపక్కన బతికే రెండు భాషల్లో ఇలాంటి జంట మాటలు ఎన్నో ఉన్నాయి. మామూలు వేళ అవి నవ్వుకోవడానికి పనికొస్తాయి. నిప్పో గ్యాసో ఆవిరో ఉన్న చోట అవి నవ్వులాట కాదు.

ఇంకో చిక్కు మన భాష నిర్మాణంలోనే ఉంది. తెలుగులో 'వద్దు' అన్న అర్థం మాట చివర వస్తుంది. తిప్పు, తిప్పకు. తియ్యి, తియ్యకు. తేడా అంతా చివరి అక్షరంలో ఉంది. తమిళంలోనూ అంతే: తొడు అంటే ముట్టుకో, తొడాదే అంటే ముట్టుకోకు. రింగ్ ఫ్రేములు హోరెత్తే షెడ్డులో వాక్యం చివరి ముక్క వినిపించకపోతే, చేయవద్దని చెప్పిన పనే చేయమన్నట్టు చెవిన పడుతుంది. అందుకే చప్పుడున్న చోట నిషేధాన్ని క్రియ చివర వదిలేయకూడదు. ముందుగా "ఆగు!" అనాలి, అరచేయి చూపించాలి, ఆ తర్వాత సంగతి చెప్పాలి.

మాట పొరపాటు ఎంత దూరం వెళ్తుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1977 మార్చి 27న టెనెరిఫె విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, తొందర వంటి కారణాలు చాలా ఉన్నాయి. కంట్రోలరూ పైలట్లూ వాడిన మాటల్లోని అస్పష్టత వాటిలో ఒకటి. ఆ తర్వాత 'టేకాఫ్' అన్న మాటను నిజంగా గాల్లోకి లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని నియమం పెట్టారు. విన్న ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పి ఖాయం చేసుకునే పద్ధతినీ గట్టిచేశారు. ఈ రెండూ మన షెడ్డులో కూడా పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు. ఒక పనికి ఒకే మాట. చెప్పింది తిరిగి చెప్పించుకోవడం.

అక్షరం లేని సూచన

ప్రతి సూచనా అక్షరాల్లోనే ఉండాలని ఏమీ లేదు. నూలు మిల్లుల్లో దీనికి చక్కని ఉదాహరణ కోన్‌లే. ఒక్కో కౌంట్ నూలుకు ఒక్కో రంగు, ఒక్కో గుర్తు ఉన్న కోన్ వాడతారు. 40 కౌంట్‌కు ఒక రంగు, 60 కౌంట్‌కు మరో రంగు. చదువు రాని మనిషి కూడా ఇది అక్కడ పెట్టేది కాదని దూరం నుంచే చెప్పగలుగుతాడు.

ఈ గుర్తు ఎందుకంత ముఖ్యం? రెండు కౌంట్ల తెల్ల నూలు పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఒక్క కోన్ పొరపాటున కలిసినా అది నేత వరకూ బయటపడదు. కొన్నిసార్లు గుడ్డ రంగు వేశాకే చారలుగా కనిపిస్తుంది. అప్పటికి నష్టం కోన్ ధర కాదు, మొత్తం గుడ్డ ధర. కొన్నవాడు మిల్లు మీద దావా వేస్తాడు, మేనేజర్ షిఫ్టు మేస్త్రీని నిలదీస్తాడు, చివరికి కోన్ మార్చిన అమ్మాయి మాట పడుతుంది. ఆ రోజు రంగు కోన్‌లు అయిపోయి, 'ఈ పూటకు వేరే రంగు వాడండి' అని నోటిమాటగా చెప్పి, తర్వాతి షిఫ్టుకు ఎవరూ చెప్పకపోవడం అసలు కారణం అయ్యుండవచ్చు. సూచన మారితే అది అందరికీ తెలిసే దారి ఉండాలి.

రంగు మీదే పూర్తిగా ఆధారపడడం కూడా మంచిది కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు మగవాళ్ళలో ప్రతి వందకు కొందరు ఉంటారు. చాలామందికి తమకా లోపం ఉందని కూడా తెలియదు. అందుకే రంగుతో పాటు చుక్కలో గీతలో ఉండే గుర్తు వాడడం మేలు.

చత్రపట్టి గుడ్డ, ఆపరేషన్ బల్ల

చత్రపట్టి, చుట్టుపక్కల ఊళ్ళలో నేసే గాజు గుడ్డ, బ్యాండేజీ దేశమంతా ఆస్పత్రులకు వెళ్తుంది. ఇక్కడి నాణ్యత అక్కడ ఒకరి ప్రాణానికి సంబంధించిన విషయం అవుతుంది.

ఆపరేషన్ చేసేటప్పుడు రక్తం అద్దడానికి గాజు గుడ్డ ముక్కలు వాడతారు. అవి సాధారణంగా ఐదేసి, పదేసి కట్టలుగా వస్తాయి. కుట్లు వేసే ముందు నర్సు లెక్క చూస్తుంది. మొదట తీసినవి ఎన్ని, ఇప్పుడు బయట ఉన్నవి ఎన్ని. లెక్క తగ్గితే ఒక ముక్క మనిషి కడుపులో ఉండిపోయిందేమోనని వెతకాలి. కట్ట కట్టేచోటే పదికి బదులు తొమ్మిది పెడితే, లేని ముక్క కోసం వెతుకుతూ రోగిని బల్ల మీద ఉంచేయాల్సి వస్తుంది. పదకొండు పెడితే ఇంకా ప్రమాదం. ఒకటి లోపల మిగిలినా లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే లెక్క తేడా ఉన్న కట్టను మొదట్లోనే పక్కన పెట్టేయాలన్నది థియేటర్లలో నియమం.

ప్యాకింగ్ బల్ల దగ్గర "పది పెట్టవలెను" అని రాయడం ఒక రూపం. పది గళ్ళున్న చెక్క పెట్టె ఇవ్వడం మరో రూపం. ఒక్కో గడిలో ఒక్కో ముక్క, గడి ఖాళీగా ఉంటే కట్ట కట్టకూడదు. రెండోది చదవనక్కర్లేదు, మాట్లాడుకుంటూ చేసినా తప్పు కంటికి కనిపిస్తుంది.

అదే గుడ్డను బ్లీచింగ్ చేసేచోట మరో సూచన ఉంది. కాస్టిక్ సోడా కలిపేటప్పుడు నీళ్ళలో కాస్టిక్‌ను కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. అలా పోస్తే ఒక్కసారిగా వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్ళు పోతాయి. "కాస్టిక్‌ను, నీటిని తగు పాళ్ళలో కలపాలి" అని రాసిన కాగితం పాళ్ళు చెప్పింది, వరుస చెప్పలేదు. ఇక్కడ ప్రాణం వరుసలో ఉంది. "మొదట నీళ్ళు. తర్వాత కాస్టిక్." ఈ నాలుగు మాటలు తొట్టి మీదే పెయింటుతో రాయించాలి. ఆఫీసు ఫైల్లో ఉంటే లాభం లేదు.

టిక్కు పెడితే పని అయినట్టేనా?

చెక్‌లిస్టు ఇప్పుడు ప్రతిచోటా ఉంది. దాని బలం, బలహీనత రెండూ ఆస్పత్రి అనుభవమే చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 19 అంశాల ఆపరేషన్ చెక్‌లిస్టును న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇతర చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. గాజు ముక్కల లెక్క ఆ 19లో ఒకటి.

తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో అలాంటి చెక్‌లిస్టునే ఆస్పత్రులన్నిటికీ తప్పనిసరి చేశారు. 101 ఆస్పత్రుల లెక్కలు చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. చెక్‌లిస్టును పైనుంచి దించినంత మాత్రాన పని మారదనీ, జట్టుకు నేర్పించి అలవాటు చేయాలనీ చాలామంది నిపుణులు దీన్నుంచి తీసుకున్న పాఠం.

మన మిల్లుల్లోనూ ఇదే చూస్తాం. షిఫ్టు ముగిసే పది నిమిషాల ముందు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఎనిమిది గంటల టిక్కులూ పడిపోతాయి. అలాంటి కాగితం లేకపోవడమే నయం. లేకపోతే కనీసం లేదని తెలుస్తుంది. ఉంటే అంతా బాగుందన్న భ్రమ కలుగుతుంది.

బొమ్మల సంగతీ అంతే. బొమ్మ వేస్తే అందరికీ అర్థమవుతుందనుకుంటాం. అమెరికా భద్రతా చిహ్నాల ప్రమాణంలో ఒక కొలత ఉంది. ఒక బొమ్మను మామూలు మనుషులకు చూపిస్తే 85 శాతం మంది సరైన అర్థం చెప్పాలి. సరిగ్గా వ్యతిరేక అర్థం లాంటి ప్రమాదకరమైన పొరపాటు చేసేవాళ్ళు 5 శాతం మించకూడదు. మనం అంత పెద్ద పరీక్ష పెట్టలేకపోయినా, గోడకు అంటించే ముందు పదిమందికి చూపించి "ఇదేమిటో చెప్పమ్మా" అని అడగవచ్చు కదా.

కాగితం చేతకాని చోటు

ఎంత బాగా రాసినా సూచన ఒక్కటే ప్రాణం కాపాడలేదన్న నిజం మన జిల్లాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. శివకాశి దగ్గర ముదలిపట్టిలో 2012 సెప్టెంబరు 5న టపాసుల ఫ్యాక్టరీ పేలి దాదాపు 40 మంది పోయారు. 2021 ఫిబ్రవరి 12న అచ్చంకుళంలో 20 మందికి పైగా పోయారు. టపాసుల ఫ్యాక్టరీల్లో ప్రతి గదికీ ఎందరు ఉండవచ్చు, ఎంత మందు ఉంచవచ్చు అన్న పరిమితి ఉంటుంది. ఆ అంకెలు గది దగ్గరే రాసి ఉండాలి. అంకెలు ఏ భాషవాడికైనా తెలుస్తాయి కాబట్టి రూపం రీత్యా అంతకంటే మంచి సూచన ఉండదు. అయినా పరిమితికి మించి మనుషులు, మించి మందు ఉండడం అన్నది ఈ ప్రమాదాల గురించి పదే పదే వినిపించే కారణం. పనికి ఇంత అని కూలి కట్టినప్పుడు, దీపావళి ఆర్డర్లు మీద పడ్డప్పుడు, గోడ ఒకటి చెబుతుంది, జీతం ఇంకొకటి చెబుతుంది. మనిషి జీతం మాటే వింటాడు. పని సూచనకూ కూలి లెక్కకూ పొత్తు కుదరకపోతే కాగితం ఓడిపోతుంది.

విశాఖపట్నంలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ భద్రతా పద్ధతుల లోపాలనూ, అత్యవసర ఏర్పాట్లు విఫలం కావడాన్నీ ఎత్తిచూపింది. సైరన్ మోగించే ఏర్పాటు గేటుతో సహా పలుచోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదు. ఏ సమయంలో, ఎవరు, ఎవరినీ అడగకుండా బటన్ నొక్కవచ్చు అన్నది పనివాళ్ళ మనసులో ముందే నాటుకుని ఉండాలి. ఆపద వేళ కాగితం తీసి చదివే తీరిక ఎవరికీ ఉండదు.

చట్టంలో 'ఎక్కువమంది' భాష

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి జరిగిన భోపాల్ ప్రమాదం తర్వాత, అక్కడి పనివాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు సరిగా రాకపోయినా మాన్యువళ్ళు ఇంగ్లీషులో ఉండేవని రాశారు. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకరమైన పదార్థాల గురించి పనివాళ్ళకు చెప్పడం యజమాని బాధ్యత అయింది. భద్రత గురించి సమాచారం అడిగే హక్కు, శిక్షణ పొందే హక్కు పనివాడికి వచ్చాయి. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చినా, సమాచారం, సూచన, శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వాల్సింది యజమానే అన్న సూత్రం మారలేదు.

పాత చట్టంలోని 108వ సెక్షన్‌లో ఒక మాట మనలాంటి భాషా అల్పసంఖ్యాకులు గమనించాల్సింది. నోటీసులు ఇంగ్లీషులోనూ, ఫ్యాక్టరీలో ఎక్కువమంది పనివాళ్ళకు అర్థమయ్యే భాషలోనూ పెట్టాలని అది చెప్పింది. ఎక్కువమంది అన్న మాటతో చట్టం తృప్తి పడింది. యంత్రానికి ఆ లెక్క తెలియదు. వందమందిలో తొంభైమందికి అర్థమైన సూచన మిగిలిన పదిమంది వేళ్ళను కాపాడదు. పైగా ఒకడి పొరపాటు పక్కవాడికి కూడా దెబ్బ. పెద్ద భాష నడుమ చిన్న భాషగా తరతరాలు బతికిన మనకు ఆ పదిమంది స్థితి చెప్పకుండానే తెలుసు. ఈరోజు మన మిల్లుల్లో ఆ పదిమంది ఒడియా, హిందీ పిల్లలు. ఇంట్లో మాట్లాడే భాషను గోడ మీద చూడలేని బాధ మనది. అదే బాధ వాళ్ళకు మన గోడల దగ్గర కలగకూడదు.

మనం చేయగలిగినవి

యూనిట్ నడిపే పెద్దలకు: ఉన్న కాగితాలన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. చేయి, కన్ను, ప్రాణం పోయే పనులు ఏవో ముందు జాబితా వేసుకోండి. చిన్న యూనిట్‌లో అవి పదికి మించవు. ఒక్కోదానికి ఒక్క పేజీ, ఏడెనిమిది వరుసలు. రాసే ముందు ఆ పని రోజూ చేసే మనిషిని కూర్చోబెట్టి చెప్పించుకోండి. రాశాక, ఆ పని ఎప్పుడూ చేయని మనిషికి ఇచ్చి, యంత్రం ఆపి ఉంచి చేయించి చూడండి. అతను ఎక్కడ ఆగిపోయాడో అక్కడ మీ కాగితంలో లోపముంది. కింద తేదీ వేయండి. పద్ధతి మారిన రోజు పాత కాగితం చించేయండి.

మేస్త్రీలకు: "అర్థమైందా?" అని అడిగితే అందరూ "అయింది" అనే అంటారు. పెద్దవాడి ముందు కాలేదనడానికి మనవాళ్ళకు మొహమాటం. "నువ్వు ఇప్పుడు ఏం చేస్తావో చేసి చూపించు" అనండి.

చదువుకుని చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలకు: ముప్పై నలభై ఏళ్ళు మిల్లులో చేసి రిటైరైన తాతలు, మామలు మన వీధుల్లోనే ఉన్నారు. దారం తెగే చప్పుడు తేడా, బేరింగ్ వేడెక్కే వాసన, వానాకాలంలో పత్తి ప్రవర్తన వాళ్ళకు తెలుసు. అవి ఏ మాన్యువల్‌లోనూ లేవు, వాళ్ళ నోట తెలుగులోనే ఉన్నాయి. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఫోనులో ఒక గంట రికార్డు చేయండి. ఏ లిపిలో రాసుకున్నా ఫరవాలేదు.

ఇంట్లో ఆడవాళ్ళకు: మిల్లుకు వెళ్ళే మనిషిని ఒక్క ప్రశ్న అడగండి. "మీ యంత్రంలో చేయి పోయే చోటు ఏది, అక్కడ మీరేం చేస్తారు?" జవాబు తడుముకోకుండా వస్తే మంచిది. రాకపోతే, ఆ ప్రశ్న రేపు ఉదయం మేస్త్రీని అడగమని చెప్పండి. మేస్త్రీ దగ్గరా జవాబు లేకపోతే మేనేజర్‌ను అడగవచ్చు. అక్కడా రాకపోతే తమిళనాడు పారిశ్రామిక భద్రత, ఆరోగ్య డైరెక్టరేట్ ఉంది. అడగడం పనివాడికి చట్టం ఇచ్చిన హక్కు.